ఎస్టీపీ నీళ్ళలో బీఓడీ 8 ఉన్నా చెరువు ఎందుకు పచ్చబడుతోంది? బెంగళూరు చెరువుల్లో భాస్వరం లెక్క

#1 చెరువుకట్ట
అందరికీ నమస్కారం. బెంగళూరు తూర్పు వైపు 12 ఎకరాల చెరువు, సగటు లోతు 2 మీటర్లు. ఎండాకాలంలో దానికి వచ్చే నీళ్ళన్నీ చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్ల ఎస్టీపీలవే (మురుగునీటి శుద్ధి ప్లాంట్లు), రోజుకు 1 ఎంఎల్‌డీ (పది లక్షల లీటర్లు). ఇన్‌లెట్ దగ్గర పట్టిన నీళ్ళకు ల్యాబ్ రిపోర్టులో బీఓడీ (మిగిలిన కర్బన మురికిని తెలిపే అంకె) లీటరుకు 8 మి.గ్రా. వచ్చింది, వాసన లేదు, రంగు లేదు. చెరువు మాత్రం ఫిబ్రవరి నుంచి చిక్కటి ఆకుపచ్చ. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

అదే ఇన్‌లెట్ దగ్గర అక్వేరియం కిట్‌తో చూస్తే లీటరుకు మి.గ్రా.లలో ఫాస్ఫేట్ 12, నైట్రేట్ 90, అమ్మోనియా 3. కమిటీ ముందు మూడు ప్రతిపాదనలున్నాయి: నాలుగు ఫౌంటెన్ ఏరేటర్లు, గుర్రపు డెక్క పెంచి పోషకాలను పీల్పించడం, బ్యాక్టీరియా పొడి చల్లడం. డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. ఏది చేయాలి?

#2 సూక్ష్మదర్శిని
లెక్క మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న. ఆ 12 ఫాస్ఫేటా, ఫాస్ఫేట్ రూపంలో ఉన్న భాస్వరమా? నైట్రేట్ 90 కూడా అంతే. కిట్ పెట్టె మీద "పీఓ4" అని ఉందా, "పీఓ4–పీ" అని ఉందా చూడండి. చాలా చెరువు రిపోర్టుల్లో ఈ రెండూ కలిసిపోయి మూడు రెట్ల తేడా వస్తుంది.

#3 చెరువుకట్ట
పీఓ4, ఎన్ఓ3 అనే ఉందండి.

#4 సూక్ష్మదర్శిని
అయితే ఫాస్ఫేట్‌ను 3.06తో, నైట్రేట్‌ను 4.43తో భాగించండి. లీటరుకు భాస్వరం 3.9 మి.గ్రా., నైట్రేట్ నత్రజని 20 మి.గ్రా. అమ్మోనియాది కలిపితే నత్రజని 22 దాకా వస్తుంది. భాస్వరాన్ని 4 అనుకుందాం.

రోజుకు పది లక్షల లీటర్లు, లీటరుకు 4 మి.గ్రా. అంటే రోజుకు 4 కిలోల భాస్వరం. డీఏపీ బస్తాలో (50 కిలోలు, 18–46) ఉండే భాస్వరం 10 కిలోలు. రెండున్నర రోజులకొక డీఏపీ బస్తా చెరువులో పోస్తున్నట్టు, ఏడాదికి 146 బస్తాలు. పొలంలో అయితే దీనికి సగం మోతాదుకే రైతు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.

ఇప్పుడు బీఓడీ సంగతి. బీఓడీ అంటే నీళ్ళలో మిగిలిన కర్బన పదార్థాన్ని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె. కర్బనంలోనే శక్తి ఉంటుంది. ఎస్టీపీలో బ్లోయర్లు గాలి ఊది, సూక్ష్మజీవుల చేత ఆ శక్తిని ఖర్చు చేయించి వేడిగా, కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పంపేస్తాయి. భాస్వరానికి ఆ దారి లేదు. అది వాయువుగా మారి గాలిలోకి పోదు. కొంత స్లడ్జ్‌లో (ప్లాంటులో తేరే మడ్డిలో) చిక్కుకుంటుంది, మిగతాది తేటనీటితో పాటు చెరువుకు చేరుతుంది.

చెరువులో ఎండ ఉంది, కార్బన్ డయాక్సైడ్ ఉంది. కొరతగా ఉండే భాస్వరం, నత్రజని మనమే పంపుతున్నాం. కాబట్టి ఎస్టీపీ కరెంటు పెట్టి తీసేసిన కర్బనాన్ని చెరువు ఎండతో మళ్ళీ కట్టుకుంటుంది.

ఎంత కట్టుకుంటుంది? నాచు సగటు కూర్పులో కర్బనం, నత్రజని, భాస్వరం అణువుల నిష్పత్తి 106:16:1, రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి అంటారు. బరువు లెక్కకు మారిస్తే 1 గ్రాము భాస్వరంతో దాదాపు 115 గ్రాముల ఎండునాచు తయారవుతుంది. అది కుళ్ళితే దాదాపు 140 గ్రాముల ఆక్సిజన్ కావాలి. మీ 4 కిలోలకు రోజుకు 460 కిలోల నాచు, 560 కిలోల ఆక్సిజన్ అప్పు. లోపలికొచ్చే నీటి బీఓడీ భారం 8 కిలోలే. రిపోర్టులో కనపడే 8 కిలోల వెనకాల డెబ్భై రెట్లు పెద్ద అప్పు దాగి ఉంది.

#5 రాజకాలువ
లెక్క బాగుంది గానీ, భాస్వరం అంతా నాచు అవుతుందని ఎలా అంటాం? వెలుతురు చాలొద్దూ? చిక్కబడ్డాక కింది నీళ్ళకు ఎండ అందదు కదా. ఇంకోటి, నాచు పగలు వదిలే ఆక్సిజన్ కూడా అంతే ఉంటుందిగా. అప్పు ఎక్కడిది?

#6 సూక్ష్మదర్శిని
అడగాల్సిన ప్రశ్నలే. ముందు వెలుతురు. 12 ఎకరాలు అంటే సుమారు 48,500 చదరపు మీటర్లు. 460 కిలోలను పరిస్తే చదరపు మీటరుకు రోజుకు 9.5 గ్రాములు. ఎండునాచు గ్రాముకు దాదాపు 20 కిలోజౌల్స్ కాబట్టి 190 కిలోజౌల్స్ చాలు. బెంగళూరులో చదరపు మీటరుకు రోజుకు పడే ఎండ 5 యూనిట్లు, అంటే 18,000 కిలోజౌల్స్. కావలసింది అందులో 1 శాతం. మురుగు చెరువులో నాచుకు 1 శాతం ఎండను పట్టడం కష్టమేమీ కాదు. పైన చిక్కబడితే ఆ పైపొర మీదే పని నడుస్తుంది. మబ్బు రోజుల్లో తగ్గుతుంది, తూముతో కొంత భాస్వరం కిందికి పోతుంది, కొంత బురదలో దిగుతుంది. 460 గరిష్ఠం అనుకోండి, అందులో సగమైనా చేపలు బతికే పరిస్థితి ఉండదు.

రెండోది. పగలు పుట్టే ఆక్సిజన్, తర్వాత కావలసిన ఆక్సిజన్ మొత్తం మీద సమానమే. చోటు, వేళ తేడా. మధ్యాహ్నం పైనీళ్ళలో ఆక్సిజన్ పట్టే హద్దు దాటి గాలిలోకి పోతుంది. చచ్చిన నాచు అడుక్కి దిగి అక్కడ, రాత్రి పూట అప్పు అడుగుతుంది. సముద్రమట్టంలో 25 డిగ్రీల దగ్గర నీటిలో పట్టే ఆక్సిజన్ 8.3 మి.గ్రా., 920 మీటర్ల ఎత్తున్న బెంగళూరులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి 7.4 మాత్రమే. మన చెరువుల గిన్నె చెన్నై వాటికన్నా ముందే చిన్నది.

నత్రజని ఒక మాట: మీ నీళ్ళలో నత్రజని, భాస్వరం బరువు నిష్పత్తి 5.6. నాచుకు కావలసింది 7.2. అంటే నత్రజని కొంచెం తక్కువ. గాలిలోని నత్రజనిని పట్టుకోగల నీలి ఆకుపచ్చ నాచుకు ఇది అనుకూలం. నత్రజని ఒక్కటే తగ్గించి భాస్వరం వదిలేస్తే ఆ రకానికే బాట వేసినట్టు. కెనడాలో 226వ నంబర్ ప్రయోగ సరస్సును 1973లో తెరతో రెండుగా చేసి, ఒక సగానికి కర్బనం, నత్రజని, రెండో సగానికి వాటితో పాటు భాస్వరం వేశారు. భాస్వరం పడిన సగమే పచ్చబడింది.

#7 షిఫ్ట్_ఇన్‌చార్జి
ఎస్టీపీ వైపు నుంచి. అపార్ట్‌మెంట్ ప్లాంట్లు చాలావరకు కర్బనం కోసం, అమ్మోనియాను నైట్రేట్ చేయడం కోసం డిజైన్ చేసినవి. 90 నైట్రేట్ అంటే బ్లోయర్లు బాగానే నడుస్తున్నాయి, ప్లాంటు తనకు చెప్పిన పని చేస్తోంది. భాస్వరం తీయమని ఎవరూ చెప్పలేదు.

తీయడానికి చవకైన దారి పటిక. కాగితం లెక్కలో 1 గ్రాము భాస్వరానికి 9.6 గ్రాముల పటిక, వాస్తవంలో 15 నుంచి 20 పడుతుంది, ఎందుకంటే అల్యూమినియంలో కొంత హైడ్రాక్సైడ్‌గా పోతుంది. 3.9 నుంచి 0.5కి దించాలంటే లీటరుకు 50–70 మి.గ్రా. మొత్తం 1 ఎంఎల్‌డీకి రోజుకు 50–70 కిలోలు, ప్లాంట్లన్నీ కలిపి.

గుడ్డిగా మోతాదు పెట్టొద్దు. జార్ టెస్ట్ చేయండి. లీటరు నీటికి 10 గ్రాముల పటిక కలిపి ద్రావణం చేస్తే 1 మి.లీ.లో 10 మి.గ్రా. ఉంటుంది. ఆరు బీకర్లలో లీటరు చొప్పున సెకండరీ నీళ్ళు (ఏరేషన్ తర్వాత తేరిన నీళ్ళు) పోసి 2, 4, 6, 8, 10, 12 మి.లీ. వేయండి. ఒక నిమిషం వేగంగా (100 ఆర్‌పీఎం), 15 నిమిషాలు మెల్లగా (25 ఆర్‌పీఎం) కలపండి, అరగంట తేరనివ్వండి. పైనీళ్ళు వడగట్టి భాస్వరం చూడండి. పీహెచ్ తప్పనిసరిగా రాయండి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నైట్రిఫికేషన్‌లో గ్రాము నత్రజనికి 7.14 గ్రాముల ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) ఖర్చవుతుంది. మీ నీళ్ళలో 20 మి.గ్రా. నత్రజని నైట్రేట్ అయ్యిందంటే 140 పైచిలుకు ఆల్కలినిటీ అప్పటికే పోయింది. పటిక తన బరువులో సగం ఇంకా తింటుంది. ఆల్కలినిటీ 50 కిందికి వచ్చిన నీళ్ళలో పటిక వేస్తే పీహెచ్ 6 దిగువకు జారి అల్యూమినియం కరిగే బయటికి పోతుంది, ఫ్లాక్ (అడుక్కి దిగే ముద్దలు) కట్టదు. దీనికి మందు డీనైట్రిఫికేషన్. ఏరేషన్ ట్యాంకులో కొంతసేపు బ్లోయర్ ఆపి, గాలి లేని దశ ఇస్తే నైట్రేట్ నత్రజని వాయువై గాలిలోకి పోతుంది, ఖర్చైన ఆల్కలినిటీలో సగం తిరిగొస్తుంది. కరెంటు కూడా మిగులుతుంది. ఆ దశకు కర్బనం కావాలి కాబట్టి కొత్త మురుగు లోపలికొచ్చే వేళకు కలపండి.

స్లడ్జ్ పెరుగుతుంది, ఫిల్టర్ ప్రెస్ (స్లడ్జ్ నీళ్ళు పిండే యంత్రం) రోజుకొక సైకిల్ ఎక్కువ నడవాల్సి రావచ్చు. ఆ స్లడ్జ్‌ను రాజకాలువలోకి (నగరపు పెద్ద వాననీటి కాలువ) వదిలితే చేసిందంతా వృథా. భాస్వరం అందులోనే ఉంది.

#8 మట్టిబెడ్డ
గుర్రపు డెక్క సంగతి నేను చెప్తా. పచ్చి డెక్కలో 93–95 శాతం నీళ్ళే. టన్ను పచ్చిది ఎండితే 60 కిలోలు, అందులో భాస్వరం పావు కిలో చుట్టుపక్కల. రోజుకు వచ్చే 4 కిలోలు తీయాలంటే రోజూ 16 టన్నులు కోసి, ఎత్తి, గట్టు దాటించాలి. ఏడాది పొడుగునా, ఆదివారాలతో సహా. ఒక్క వారం ఆపినా అది చెరువును కప్పేస్తుంది. కప్పితే గాలి, వెలుతురు లోపలికి దిగవు. గింజలు బురదలో పదిహేను ఇరవై ఏళ్ళు బతికి ఉంటాయి. కొత్తగా పెంచే ఆలోచన దయచేసి వదిలేయండి.

ఇప్పటికే ఉన్న డెక్కను తీస్తున్న చెరువుల్లో ఇంకో తప్పు రోజూ కనిపిస్తోంది: కోసి గట్టు మీదే కుప్ప పోయడం. మొదటి వానకే రసం కారి చెరువులో పడుతుంది. మోసిన కూలీ డబ్బు, తీసిన భాస్వరం రెండూ నీళ్ళపాలే. వాలు చెరువు వైపు లేని చోట, గట్టుకు అవతల వేయాలి. కంపోస్టు చేస్తే ఒకటి రెండు రోజులు వాడ్చి, రెండు వంతుల డెక్కకు ఒక వంతు ఎండాకులు కలపండి, లేకపోతే నీరు కారి కుళ్ళు వాసన వస్తుంది. ఫ్యాక్టరీ నీళ్ళు కలిసే కాలువ పక్క డెక్క అయితే కూరగాయలకు వాడొద్దు, వేళ్ళలో సీసం, కాడ్మియం లాంటివి పేరుకుంటాయి.

జమ్ము పెంచిన చిత్తడి గురించి కూడా అడుగుతారు కాబట్టి: బెంగళూరులోని జక్కూరులో ఎస్టీపీ నీళ్ళు ముందు చిత్తడి గుండా వెళ్ళి తర్వాత చెరువులో పడతాయి, ఆ వరుస సరైనది. మిగిలిన మడ్డిని, నైట్రేట్‌ను చిత్తడి బాగా తీస్తుంది. భాస్వరం దగ్గర దాని ఓపిక తక్కువ. జమ్మును ఏటా కోసి బయటికి తీసుకెళ్ళినా చదరపు మీటరుకు ఏడాదికి 5 గ్రాములకు మించి ఆశించలేం. మీ 1,460 కిలోలకు 70 ఎకరాలు పైన కావాలి. కోయకుండా వదిలేస్తే ఆకు అక్కడే కుళ్ళి, పట్టింది పట్టినట్టు వదిలేస్తుంది.

#9 చెరువుకట్ట
మరి చేపలు? నాచు తినే రకాలు వదిలితే ఖర్చు లేకుండా పని అవుతుందని కమిటీలో ఇద్దరు గట్టిగా అంటున్నారు.

#10 బొచ్చె_శీలావతి
కిలో చేపలో భాస్వరం నాలుగైదు గ్రాములు. రోజుకు 4 కిలోలు తీయాలంటే రోజుకు 900 కిలోల చేప పట్టాలి. ఎకరానికి ఏడాదికి 3 టన్నులు అనుకున్నా మీ చెరువులో రోజుకు 100 కిలోలు, అంటే అరకిలో కన్నా తక్కువ భాస్వరం. తొమ్మిదో వంతు కూడా కాదు. మంచిదే, కానీ దాని మీద ఆధారపడలేం.

ఎందుకంత తక్కువో ఆహార గొలుసులో ఉంది. అమెరికాలో ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ ఊటను హోవర్డ్ ఓడమ్ కొలిచి 1957లో ప్రచురించిన అంకెలు ఇప్పటికీ పాఠాల్లో ఉన్నాయి. చదరపు మీటరుకు ఏడాదికి మొక్కలు పట్టింది 20,810 కిలోకేలరీలు, వాటిని తినేవాటికి అందింది 3,368, వాటిని తినే మాంసాహారులకు 383, ఆ పైవాటికి 21. మెట్టు మెట్టుకూ 16, 11, 5 శాతం. పుస్తకాల్లో చెప్పే పది శాతం ఇలాంటి వాటి సగటు లాంటిదే, నియమం కాదు. మిగతా శక్తి ఊపిరిలో, వేడిలో పోయింది.

అందుకే కొల్లేరు వైపు చెరువుల్లో బొచ్చె, శీలావతి, మోసు పెంచుతారు. కింది మెట్టు మీద తినే చేపకే దిగుబడి ఎక్కువ. వెండిచేప నేరుగా నాచును వడగట్టి తింటుంది. కానీ తిన్న భాస్వరంలో పెద్ద భాగం విసర్జనగా నీళ్ళలోకే, అదీ నాచు వెంటనే వాడుకోగల రూపంలో వదులుతుంది. పైగా చేప పెద్ద జంతుప్లవకాలను (నీళ్ళలో తేలే చిన్న జీవులను) ముందు తినేస్తే నాచును మేసేవాళ్ళు తగ్గి నాచు ఇంకా పెరగొచ్చు. మోసు, బంగారుతీగ అడుగు తవ్వి బురద లేపుతాయి. పూడిక ఎక్కువున్న చెరువులో వాటిని తక్కువ వేయండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఎవరైనా తెచ్చి వదలబోతే ఆపండి, మన దేశంలో దాని పెంపకం నిషేధం.

ఒకటి గుర్తుంచుకోండి: శక్తి పై మెట్టుకు తగ్గుతుంది, పాదరసం లాంటివి మాత్రం పై మెట్టుకు చిక్కబడతాయి. మురుగు చెరువులో మాంసాహార చేపను తినడం కన్నా గడ్డి, నాచు తినే చేప నయం. పరీక్ష చేయించకుండా అమ్మొద్దు.

#11 రాజకాలువ
ఏరేటర్‌ను మరీ తీసిపారేయకండి. తెల్లవారుజామున ప్రాణం నిలిపేది అదే.

#12 సూక్ష్మదర్శిని
తీసిపారేయడం లేదు, దాని పని ఏమిటో చెప్దాం. రోజుకు 560 కిలోల అప్పు తీర్చాలంటే, వాస్తవంలో యూనిట్ కరెంటుకు కిలో ఆక్సిజన్ చొప్పున రోజుకు 560 యూనిట్లు. నాలుగు ఫౌంటెన్లతో అయ్యే పని కాదు. చేపలు దాక్కునే ఒక మూలను కాపాడొచ్చు.

దానికి ఇంకొక ఉపయోగం అడుగున ఉంది. పూడికలో భాస్వరం ఇనుముతో కట్టి ఉంటుంది, ఆక్సిజన్ ఉన్నంతకాలమే. అడుగు నీళ్ళలో ఆక్సిజన్ అయిపోతే ఇనుము రూపం మారి కరిగిపోతుంది, కట్టు విడి భాస్వరం పైకొస్తుంది. ఏళ్ళ తరబడి మురుగు పడిన చెరువులో ఇన్‌లెట్ మూసేసినా రెండు మూడు ఎండాకాలాలు పచ్చదనం పోకపోవడానికి ఇదే కారణం. పూడిక నల్లగా, కుళ్ళిన గుడ్డు వాసన వేస్తే ఇనుము సల్ఫైడ్‌గా చిక్కుకుంది, భాస్వరాన్ని పట్టే శక్తి తగ్గిందని అర్థం. అడుగుకు గాలి పంపే డిఫ్యూజర్ దీనికి పనికొస్తుంది. 2 మీటర్ల చెరువులో పైన చిమ్మే ఫౌంటెన్, లోతు తక్కువున్న చోట పెడితే బురదనే లేపుతుంది.

బ్యాక్టీరియా పొడి గురించి ఒక్క వాక్యం: ఏ బ్యాక్టీరియా కూడా భాస్వరాన్ని మాయం చేయదు.

#13 చెరువుకట్ట
ఇప్పటికిప్పుడు చేపలు నోళ్ళు తెరుస్తున్నాయి. ఈ వారం ఏం చేయాలి?

#14 బొచ్చె_శీలావతి
డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు మి.గ్రా.లలో) తెల్లవారుజామున 5–6 మధ్య కొలవండి. మధ్యాహ్నం కొలిచిన 12 చూసి మురిసిపోతే ఉపయోగం లేదు. 2 కిందికి వస్తే అద్దెకు ఏరేటర్లు తెచ్చి రాత్రి 2 నుంచి ఎండెక్కే దాకా నడపండి. జనం బొరుగులు, బ్రెడ్డు వేయకుండా ఆపండి.

చేయకూడనివి: మైలుతుత్తం చల్లొద్దు. నాచంతా ఒకేసారి చచ్చి అప్పంతా ఒకే రాత్రి అడుగుతుంది. సున్నం కూడా వద్దు. నాచు చిక్కగా ఉన్నప్పుడు మధ్యాహ్నం పీహెచ్ 9 దాటుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 8లో అమ్మోనియాలో 5 శాతమే విషరూపం, 9లో 36 శాతం. సున్నం దాన్ని ఇంకా పైకి నెడుతుంది. మార్చి–మే మధ్య మొదటి వాన పడబోతుంటే మరీ జాగ్రత్త. కాలువలో నెలల తరబడి పేరుకున్న మడ్డి ఒక గంటలో చెరువులో పడుతుంది, పైన మబ్బు, అడుగు నీళ్ళు పైకి. 2016 మార్చిలో హలసూరు చెరువులో చేపలు కుప్పలుగా తేలిన కాలమే ఇది.

#15 వర్తూరు_దారి
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. బెళ్ళందూరు చెరువులో కట్టే నురగ భాస్వరం వల్లే అని విన్నాను, నిజమేనా?

#16 షిఫ్ట్_ఇన్‌చార్జి
నురగ కట్టేది సబ్బు పొడుల్లోని సర్ఫాక్టెంట్, అలుగు దగ్గర నీళ్ళు ఎత్తు నుంచి పడినప్పుడు. భాస్వరం నీటి గట్టితనం తగ్గించడానికి వాడిన సరుకు, అది నురగ కట్టదు, నాచును పెంచుతుంది. నగర మురుగులో భాస్వరం ఎక్కువ భాగం మూత్రం, మలం నుంచే. సబ్బు మార్చితే కొంత తగ్గుతుంది గానీ పని పూర్తికాదు.

ఇదే సందర్భంలో: శుద్ధి చేసిన నీళ్ళు ఫ్లష్‌కు వాడితే భాస్వరం తగ్గదు, తిరిగి అదే ప్లాంటుకొచ్చి చిక్కబడుతుంది. తోటకు వాడినదే నిజంగా చెరువుకు రాకుండా ఆగినది. కోరమంగళ–చల్లఘట్ట లోయ నుంచి కోలారు చెరువులకు 2018 నుంచి వెళ్తున్న శుద్ధి చేసిన మురుగు నీళ్ళూ అంతే. 440 ఎంఎల్‌డీ డిజైన్ ప్రకారం నీళ్ళలో లీటరుకు ఒక్కో మి.గ్రా. భాస్వరానికి రోజుకు 440 కిలోలు చేరతాయి. పొలానికి పారితే ఎరువు, చెరువులో నిలిస్తే నాచు.

#17 చెరువుకట్ట
డబ్బు పటిక డోసింగ్‌కే పెట్టమని కమిటీకి రాస్తున్నాను. అద్దె ఏరేటర్లు రెండు నెలలకు. శాంపిల్ ఎలా తీయాలో చెప్తే ముందు తర్వాత పోల్చుకుంటాం.

#18 సూక్ష్మదర్శిని
నాలుగు చోట్ల: ప్రతి ఎస్టీపీ అవుట్‌లెట్, చెరువు ఇన్‌లెట్, నడిమధ్య, తూము. భాస్వరానికి సీసాలను సబ్బుతో కడగొద్దు, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు తొలపండి. కరిగిన భాస్వరం కావాలంటే అక్కడికక్కడే 0.45 మైక్రాన్ వడపోత, లేకపోతే దారిలోనే నాచు తినేస్తుంది. ఐస్ పెట్టెలో అదే రోజు ల్యాబ్‌కు. మొత్తం భాస్వరం కూడా అడగండి. చెరువు మధ్యలో కరిగినది సున్నాకు దగ్గరగా వస్తే సంతోషించొద్దు, అదంతా అప్పటికే నాచులో ఉంది.

డీఓకి 300 మి.లీ. సీసాను బుడగ లేకుండా నింపి, మాంగనస్ సల్ఫేట్ 1 మి.లీ., ఆల్కలీ అయోడైడ్ అజైడ్ 1 మి.లీ. పిపెట్ కొనను నీటిలో ముంచి వదలండి. గోధుమ రంగు అవక్షేపం వస్తే ఆక్సిజన్ ఉంది, తెల్లగా ఉంటే లేదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 మి.లీ. వేసి కరిగాక 201 మి.లీ. తీసి 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయండి. 1 మి.లీ. పడితే లీటరుకు 1 మి.గ్రా. నైట్రైట్ ఉన్న ఎస్టీపీ నీళ్ళలో అజైడ్ లేకుండా చేస్తే ఉన్నదాని కన్నా ఎక్కువ చూపిస్తుంది.

పటిక మొదలుపెట్టే ముందు కనీసం నాలుగు వారాల అంకెలు ఉంచుకోండి. ఎస్టీపీ అవుట్‌లెట్ దగ్గర తగ్గుదల మొదటి వారంలోనే కనిపించాలి. చెరువులోని నీళ్ళు మారడానికే 97 రోజులు పడుతుంది, ఆపైన పూడిక వదిలేది ఉంటుంది. చెరువు రంగు మారలేదని రెండో నెలలో డోసింగ్ ఆపేయొద్దని కమిటీకి ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పండి.